తూర్పు బెర్లిన్ చెరలో సహోదరుడు ఆల్బర్టు

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ కథ ఎవరు చెప్పినా కార్ల కంపెనీల ఇంజనీర్లతో మొదలుపెడతారు. సావనీర్లలో ఫొటోలూ వాళ్ళవే, స్టేజీ మీద కుర్చీలూ వాళ్ళవే. వాళ్ళకంటే ముందు వచ్చి, మంచులో బస్సు కోసం నిలబడి, వార్డుల్లో బెడ్‌పాన్లు మోసి, ఆ జీతంతో ఆ వీసాతో మొగుళ్ళనూ మరుదులనూ తీసుకొచ్చిన నర్సుల ఫొటో ఒక్కటీ కనిపించదు. వాళ్ళలో చాలామంది గుంటూరు, ప్రకాశం జిల్లాల మాలమాదిగ పల్లెల్లోంచి మిషన్ ఆసుపత్రుల్లో చదువుకుని వచ్చినవాళ్ళు కావడం కూడా ఆ మరుపుకు ఒక కారణమే. మర్యాదకు పోయి ఆ మాట దాచడం దేనికి?

ప్రేమజ్యోతి ఆ నర్సుల్లో ఒకతె. బాపట్ల పిల్ల. డెబ్భై నాలుగులో ఒక సూట్‌కేసు, ఒక గొంగళి పట్టుకుని ఒంటరిగా దిగింది. రెండేళ్ళ తర్వాత భర్త సత్యానందాన్ని పిలిపించుకుంది. ఆయనకు కారు విడిభాగాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికింది. ఇద్దరూ కలిసి ట్రాయ్‌లో ఇల్లు కొన్నారు. సత్యానందం మంచివాడు. వంట చేసేవాడు కాదు గానీ వండిన దాన్ని మెచ్చుకునేవాడు. ఆ రోజుల్లో మగవాడి మంచితనానికి అంతకన్నా పెద్ద పరీక్ష ఎవరూ పెట్టేవారు కాదు.

ఇంట్లో టీవీ ఒక్కటే. ఆదివారం సాయంత్రం అది సత్యానందానిది. ఆఫీసులో సోమవారం పొద్దున మాట్లాడుకోవడానికి ఫుట్‌బాల్ చూడాలి కాబట్టి చూసేవాడు. ఆ ఆట నియమాలు ఆయనకు ఎప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

ఎనభై ఒకటి సెప్టెంబరులో ప్రేమజ్యోతి ఒక ముసలి పేషెంటుకు సెలైన్ మారుస్తూ, ఆయన గదిలో టీవీ వైపు ఒకసారి చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. లండన్ నుంచి తెచ్చి పబ్లిక్ ఛానల్లో వేస్తున్న గూఢచారుల సీరియల్ అది. పేరు 'ఫెర్రీ డెస్క్'. తుపాకులు పేల్చేవాళ్ళు లేరు, ఈతకొలను పక్కన పడుకున్న అమ్మాయిలూ లేరు. ఆల్బర్ట్ పెన్రీ అని ఒక నడివయసు మనిషి ఉన్నాడు. ఎప్పుడూ అదే వానకోటు, అవే మోకాళ్ళ నొప్పులు, చేతిలో తనే పోసి తెచ్చుకున్న టీ ఫ్లాస్కు. తూర్పు బెర్లిన్‌లో చిక్కుకున్న వాళ్ళను గోడ దాటించి ఇవతలికి తేవడం ఆయన పని. పై ఆఫీసర్లు ఆయనకు ఎన్నడూ థాంక్స్ చెప్పరు. తప్పు జరిగితే మాత్రం పేరు పెట్టి పిలుస్తారు.

"అచ్చం నైట్ డ్యూటీ నర్సు," అనుకుంది ప్రేమజ్యోతి.

తరువాతి ఆదివారం టీవీకి అడ్డంగా నిలబడింది.

"ఏవండీ, ఆరింటికి టీవీ నాది."

"మ్యాచ్ ఉంది జ్యోతీ!"

"వచ్చే ఆదివారమూ ఉంటుంది. మీ టీమ్ ఓడిపోవడం కూడా వచ్చే ఆదివారం ఉంటుంది. జరగండి."

సత్యానందం జరిగాడు. కాస్త సణిగి, చివరికి పక్కనే కూర్చుని తనూ చూశాడు. ఆ ఇంట్లో అంతకుముందు అలాంటిది జరగలేదు.

*

అక్టోబరులో అత్తగారు సువార్తమ్మ వచ్చింది. బాపట్ల తాలూకాలో ముప్పై ఏళ్ళు బైబిల్ స్త్రీగా పనిచేసిన మనిషి. మిషన్ ఇచ్చే చిన్న జీతానికి తెల్లచీర కట్టుకుని పల్లె పల్లెకూ నడిచి, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పి, వాక్యం చెప్పి, కాన్పులకు సాయం పోయి, కొట్టే మొగుళ్ళను వాకిట్లో నిలబెట్టి కడిగేసి వచ్చేది. అలాంటి మనిషిని ట్రాయ్‌లో ఒక సోఫాలో కూర్చోబెట్టారు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. ఫోను మోగితే ఇంగ్లీషు. తలుపు కొడితే ఇంగ్లీషు. పొద్దున పెట్టిన అన్నం సాయంత్రం దాకా అలాగే ఉండేది. ఇన్నాళ్ళూ నోటితో బతికిన మనిషి నోరు కట్టేసినట్టయింది.

ఆదివారం సాయంత్రం కోడలు టీవీ ముందు కూర్చుంటే తనూ వచ్చి కూర్చుంది.

"ఏమ్మాయ్, ఆ కోటాయన ఎవరు?"

"ఆల్బర్టు అత్తయ్యా. ఇంగ్లాండు గవర్నమెంటు మనిషి. అవతలి దేశంలో ఇరుక్కుపోయినోళ్ళని చాటుగా ఇవతలికి తెస్తాడు."

"ఆల్బర్టా? మన పేరాల మేష్టారి పేరే!"

"ఆఁ, ఆ పేరే."

"చాటుగా అంటన్నావు. పాపం కాదూ?"

"బైబిల్లో వేగులవాళ్ళని మిద్దె మీద దాచిపెట్టినావిడ కథ పల్లెల్లో చెప్పింది నువ్వేగా అత్తయ్యా? ఆవిడ చేసింది పాపమేనా?"

సువార్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఆ రోజు నుంచి ప్రేమజ్యోతి టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పసాగింది. బెర్లిన్ గోడ అంటే ఎప్పటికీ తెరవని చీరాల రైలు గేటు. ఆల్బర్టు పై ఆఫీసరు అంటే సంతకం పెట్టమంటే కళ్ళజోడు వెతుక్కునే తాలూకాఫీసు గుమాస్తా. ఆల్బర్టు కుంటుతూ నడిస్తే సువార్తమ్మ తన మోకాళ్ళు ఒత్తుకునేది. అన్నం తిన్నది, కూర అడిగింది, "వచ్చే ఆదివారం ఎప్పుడు?" అని అడిగింది.

నవంబరులో ఆల్బర్టు పట్టుబడ్డాడు. ఒక తల్లినీ బిడ్డనూ ముందు పంపించి, వెనక తను మిగిలిపోయాడు. సిపాయిలు ఆయన ఫ్లాస్కులోని టీ నేల మీద పారబోశారు. అక్కడితో ఆ వారం భాగం అయిపోయింది.

"ఆయనకి పెళ్ళాం బిడ్డలున్నారా?" అంది సువార్తమ్మ.

"ఒక చెల్లెలుంది అత్తయ్యా, ఏదో ఊళ్ళో."

"ఆ పిల్లకి ఎవరు చెప్తారే ఈ సంగతి?"

*

తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో, ఆదివారం మధ్యాహ్నాలు. పైన హాలు వాళ్ళది, కింద గది మనకు దయతో ఇచ్చినది. పాస్టరు దైవాశీర్వాదం గారు వారంలో ఐదు రోజులు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు, ఆరో రోజు ప్రసంగం రాసుకునేవాడు. వాక్యానికి ముందు ప్రార్థన అంశాలు అడగడం అక్కడి పద్ధతి. ఒకరు లేచి వీసా ఇంటర్వ్యూ అంటారు, ఒకరు అమ్మకు ఆపరేషన్ అంటారు, అందరూ తలలు వంచుతారు.

ఆల్బర్టు పట్టుబడ్డ మరుసటి ఆదివారం ప్రేమజ్యోతి వెనక వంటగదిలో పప్పుచారు వేడిచేస్తోంది. పాస్టరు గారి గొంతు తలుపు దాటి వచ్చింది.

"ప్రభువా, తూర్పు జర్మనీ దేశమందు చెరసాలలో ఉన్న మా సహోదరుడు ఆల్బర్టును జ్ఞాపకము చేసుకొనుము. దిక్కులేని ఆయన చెల్లెలిని ఆదరించుము. ఆయన మోకాళ్ళ నొప్పులను ముట్టి స్వస్థపరచుము..."

"ఆమేన్!" అన్నారు అందరూ.

గరిటె చారులో పడిపోయింది.

ఆమె బయటికి వచ్చేసరికి సువార్తమ్మ చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. ప్రేమజ్యోతితో పాటు అదే ఆసుపత్రిలో పనిచేసే వసంతకుమారి పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది.

"అక్కా, ఇంత బాధ పెట్టుకుని డ్యూటీలో ఒక్క మాట చెప్పలేదేంటి? ఆయన మీ అత్తగారి వైపా, మీ వైపా?"

"అది కాదు వసంతా, ఆయన..."

"ఏ వైపైతే ఏముందమ్మా," అంది సువార్తమ్మ. "మన మనిషి."

ఆంధ్ర క్రైస్తవుల్లో ఇంటింటికీ ఒక ఆల్బర్టు ఉంటాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

కారులో సంగతంతా విని సత్యానందం నవ్వు ఆపుకోలేక, ఒక కొట్టు పార్కింగ్‌లోకి తిప్పి బండి ఆపేశాడు.

"మోకాళ్ళక్కూడా ప్రేయర్ చేయించావా అమ్మా!"

"ఏందిరా ఆ నవ్వు?" వెనక సీట్లోంచి కసిరింది సువార్తమ్మ. "చెరలో మనిషి ఉంటే నవ్వొచ్చిద్దా నీకు?"

ఇంటికి వచ్చాక ప్రేమజ్యోతి నెమ్మదిగా చెప్పింది. "అత్తయ్యా, అది నాటకం. ఆయన యాక్టరు. డబ్బులిస్తే వేషం కట్టాడు."

"నాకు తెలవదా? నేనేమన్నా పిచ్చిదాన్నా?" అంది సువార్తమ్మ. "మనూళ్ళో మిషనోళ్ళు తెల్లదుప్పటి కట్టి ప్రభువు సినిమా వేసేవాళ్ళు. అందులో ప్రభువు వేషం ఎవరో తెల్లాయన కట్టాడు. సినిమా ఇంగ్లీషులో ఉంటే, దుప్పటి పక్కన నిలబడి తెలుగులో చెప్పింది నేనే. వేషం ఆయనదైనా సంగతి నిజమేగా! అట్టానే ఇదీ. ఆల్బర్టనే మనిషి ఒకడు ఉండబట్టే గదా వీళ్ళు తీసింది, నువ్వు పక్కన నిలబడి చెప్పింది?"

ప్రేమజ్యోతి పోయి పొయ్యి మీద అన్నం పెట్టింది. రేపు మళ్ళీ చెబుదాంలే అనుకుంది.

మర్నాడు ఫోను మోగింది. "వందనాలండీ. సువార్తమ్మ గారున్నారా?"

ఆ దేశానికి వచ్చాక ఆమె కోసం మోగిన మొదటి ఫోను అది. ఆమె లేచి నిలబడి, పైట సర్దుకుని, రెండు చేతులతో రిసీవరు పట్టుకుంది. ఆల్బర్టు సంగతి కనుక్కోవడానికి చేసినావిడ చివరికి తన సంగతి చెప్పుకుంది. లేఆఫ్ అయిన మొగుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఇంకొకావిడ చేసింది, తొలిచూలు, భయంగా ఉందని. వసంతకుమారి చేసి, సూపర్‌వైజరు తెల్లపిల్లల్ని వదిలేసి పండగలన్నిటికీ తనకే డ్యూటీ వేస్తున్నాడనీ, ఇంట్లో చెబితే సర్దుకుపొమ్మంటున్నారనీ ఏడ్చింది. సువార్తమ్మ ప్రార్థన చేసింది. చేశాక, "ప్రార్థన అయింది. ఇప్పుడు పోయి ఆ మనిషిని మొహం మీదే అడుగు. నోరు దేనికిచ్చాడు దేవుడు?" అంది. వసంతకుమారి పోయి అడిగింది. క్రిస్మస్ సెలవు వచ్చింది.

వారం తిరిగేసరికి సువార్తమ్మ పెట్టె అడుగునుంచి తెల్లచీర తీయించి గంజి పెట్టించింది. ఆమె మళ్ళీ పనిలో చేరింది.

ఇక ప్రేమజ్యోతి నిజం ఎలా చెప్పాలి? చెబితే ఆ ముసలామె అందరి ముందూ నవ్వులపాలవుతుంది, మోగే ఫోను ఆగిపోతుంది, మళ్ళీ ఆ సోఫా. చెప్పకపోతే మాత్రం ఏమీ కాదులే, సీరియల్ చివర ఆల్బర్టు ఎలాగూ బయటపడతాడు, 'ప్రార్థన ఫలించింది' అని అందరూ మరిచిపోతారు. అలా అనుకుని ఊరుకుంది.

*

నర్సింగులో తనతో చదివిన లూసీ ఇంగ్లాండులో లెస్టర్‌లో పనిచేసేది. 'ఫెర్రీ డెస్క్' కథను నవలగా కూడా వేశారని తెలిసి, ఒక కాపీ పంపమని ప్రేమజ్యోతి ఎప్పుడో అడిగింది. డిసెంబరులో అది వచ్చింది. అట్ట మీద వానకోటులో ఆల్బర్టు ఫొటో. లూసీ ఆ సీరియల్ చూడలేదు. "నాకు ఆదివారాలన్నీ డ్యూటీలేనే, నువ్వే చదివి చెప్పు," అని చీటీ పెట్టింది.

ప్రేమజ్యోతి లంచ్ బ్రేక్‌లో ఆత్రం ఆపుకోలేక చివరి అధ్యాయం తిప్పింది. ఖైదీలను మార్చుకోవడానికి వంతెన మీదికి రెండు పక్షాలూ వస్తాయి. అవతలి కారులోంచి ఆల్బర్టు దిగడు. ఆయన వానకోటు మాత్రం మడతపెట్టి అందిస్తారు. జైల్లో న్యుమోనియాతో పోయాడు.

"ఎవరన్నా పోయారా? ఇంట్లోవాళ్ళా?" అని అడిగింది పక్క కుర్చీలో అమెరికన్ నర్సు, ఆమె కళ్ళు చూసి.

"దాదాపు," అంది ప్రేమజ్యోతి.

ఆఖరి భాగం ఆ ఆదివారమే. పాస్టరు గారు అదే రోజుకు ఆల్బర్టు విడుదల కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థన ప్రకటించి ఉన్నాడు.

శనివారం ఆమె చర్చికి వెళ్ళింది. దైవాశీర్వాదం గారు క్రిస్మస్ నక్షత్రానికి బల్బు పెడుతున్నాడు.

"అయ్యగారూ, ఆల్బర్టు గురించి ఒక మాట."

"విడుదల అయ్యాడా సిస్టర్?"

"లేదండీ. ఆయన... అసలు పుట్టలేదు."

అంతా విని ఆయన దగ్గర్లో ఉన్న సండేస్కూలు పిల్లల కుర్చీలో కూర్చుండిపోయాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"పైన ఇంగ్లీష్ చర్చి వాళ్ళ బులెటిన్‌లో కూడా వేయించానమ్మా. డోరతీ అనే పెద్దావిడ ఆయన కోసం స్వెటర్ అల్లుతోంది. సైజ్ ఎంతని అడిగితే, ఎక్స్‌ట్రా లార్జ్ అని చెప్పాను."

"ఎందుకండీ?"

"చెరలో ఉన్నవాడు కదా. వదులుగా ఉంటే సుఖంగా ఉంటుందని."

నవ్వు ముందు ఎవరికి వచ్చిందో తెలియదు గానీ, ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆయన కళ్ళు తుడుచుకుని అడిగాడు. "ఇన్నాళ్ళు ఊరుకుని ఇప్పుడు చెప్తున్నావెందుకు?"

"నవల్లో చచ్చిపోయాడండీ. రేపు ఆరింటికి టీవీలోనూ చచ్చిపోతాడు. నిజం మనిషనుకునే మా అత్తయ్య ఉపవాసం ఉండి, ఆ చావు చూడాలి. అది నేను చెయ్యలేను."

"అయితే రేపు అందరి ముందూ సాక్ష్యం చెప్పే టైమ్‌లో నువ్వే లేచి చెప్పు. నేను చెబితే నా తప్పు సర్దుకున్నట్టు ఉంటుంది. ముందు మీ అత్తయ్యకి చెప్పు."

ఆదివారం పొద్దున వంటింట్లో చెప్పింది. లండన్‌లో ఒకాయన కూర్చుని, తన బుర్రలోంచి ఆల్బర్టును పుట్టించి రాశాడని, ఎక్కడా ఆ మనిషి లేడని. నవల తెచ్చి రాసినాయన ఫొటో కూడా చూపించింది. ఆఖరి అధ్యాయం సంగతి మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. సువార్తమ్మ ఆ ఫొటో వైపు చాలాసేపు చూసింది. "పద, టైమవతంది," అని తెల్లచీర కట్టుకుంది.

*

సాక్ష్యం చెప్పడానికి ప్రేమజ్యోతి లేచి నిలబడినప్పుడు, ఆల్బర్టు గురించి శుభవార్త అనుకుని ముందు వరుసలోవాళ్ళు "స్తోత్రం!" అన్నారు. ఆమె ఆగకుండా చెప్పేసింది. టీవీ సీరియల్ అనీ, తప్పును మొదట్లోనే తను ఆపాల్సిందనీ, అత్తయ్యను ఎవరూ ఏమీ అనొద్దనీ.

తర్వాత సంఘం సెక్రటరీ ప్రేమానందం లేచాడు.

"కాఫీ మానేశానండీ నేను! ఆయన విడుదలయ్యేదాకా తాగనని మొక్కుకున్నాను! ఆఫీస్ మీటింగ్‌లో నిద్రపోయాను! ఎవరి కోసం? టీవీ బొమ్మ కోసం! అందుకే అంటాను, ఆడవాళ్ళ చేతికి టీవీ ఇస్తే ఇట్లాగే..."

"మీ చేతిలో ఉన్నప్పుడు ఏం ఉద్ధరించారండీ?" వసంతకుమారి వెనక బెంచీలోంచి లేచింది. "ప్రార్థన మధ్యలో కార్‌లోకి వెళ్ళి రేడియోలో స్కోర్ వినొచ్చేది ఎవరో మాకు తెలీదా?"

మగవాళ్ళలో కొందరు కిందికి చూశారు. నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వుల మధ్య సువార్తమ్మ బెంచీ పట్టుకుని లేచింది.

"ఆగండయ్యా. నా కోడలు తప్పు లేదు. ముందే చెప్పింది, నేనే నమ్మలా. తెర మీద కనపడిందల్లా నిజమనుకున్నా. సరే, ఆల్బర్టు లేడంట." ఆమె అందరి వైపూ తిరిగింది. "గోడలు ఉన్నయ్యా, లేవా? చెరసాలలు ఉన్నయ్యా, లేవా? ఎమర్జెన్సీలో మా పక్క పల్లె మేష్టార్ని పట్టకపోయారు. కూలి రేట్లు అడగమని మాలపల్లెలో చెప్పాడని. ఏడాదిన్నర ఉంచుకున్నారు. ఆయన కోసం మన సంఘాల్లో ఎవరన్నా ఒక్క పూట ఉపవాసమున్నామా? భయపడి పేరు కూడా ఎత్తలా. నేనూ ఎత్తలా. ప్రేమానందం నాయనా, లేని మనిషి కోసం కాఫీ మానేసినోడివి, బంగారం లాంటోడివి. ఉన్న మనిషి కోసం ఏం మానేస్తావో చెప్పు."

ప్రేమానందం కూర్చున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. పాస్టరు గారు ప్రసంగం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వేళ చెప్పవలసిన వాక్యం చెప్పడం అయిపోయిందని ఆయనకు అర్థమైంది. ఆ మేష్టారి పేరు అడిగి తెలుసుకుని, ఆయన కోసం అందరి చేతా ప్రార్థన చేయించాడు. ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒకరు తమ ఊళ్ళో పోలీసులు ఎత్తుకుపోయిన బంధువు సంగతి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి. ఇన్నాళ్ళూ ఆ బేస్‌మెంట్‌లో వీసాలూ ఆపరేషన్లూ తప్ప ఎవరూ ఎత్తని సంగతులు అవి.

చీకటి పడ్డాక సువార్తమ్మ హఠాత్తుగా తలెత్తింది.

"టైమెంతయింది?"

"ఆరు కావొస్తోంది అత్తయ్యా."

"మరి ఇంకా కూర్చున్నారేం? పుట్టకపోతే పుట్టకపోయాడు, ఆయన బయటపడ్డాడా లేదా చూడొద్దూ?"

ఇంటికి వెళ్ళే వ్యవధి లేదు. సండేస్కూలు గదిలోంచి చక్రాల బల్ల మీద టీవీని తోసుకొచ్చారు. బొమ్మ సరిగ్గా రాకపోతే సత్యానందం యాంటెనా పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. అవతలి ఛానల్లో మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో ఉందని ఆయనకు తెలుసు. తెలిసీ తిప్పలేదు. అప్పుడే పైనుంచి డోరతీ స్వెటర్ పొట్లంతో దిగింది. పాస్టరు గారు తల వంచుకుని సంగతి చెప్పాడు.

"అయ్యో, ఆ ఆల్బర్టా?" అందావిడ ఇంగ్లీషులో. "ఆయన్ని ప్రతి వారం నేనూ చూస్తాను. ఆయనకి మీడియం చాలుగా!"

ఆవిడా ఒక కుర్చీ లాక్కుంది.

ప్రేమజ్యోతి టీవీ పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. చివరికి ఏం జరుగుతుందో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. వానకోటు మడతపెట్టి ఇచ్చినప్పుడు ఆ మాట తెలుగులో ఎలా చెప్పాలో ముందే కూడబలుక్కుంటోంది. వంతెన వచ్చింది. మంచు. ఇటునుంచి ఒక ఖైదీ బయలుదేరాడు. అటునుంచి నల్లకారు వచ్చి ఆగింది.

"అత్తయ్యా," అంది మెల్లిగా, "ఇప్పుడు ఆ కారులోంచి..."

కారు తలుపు తెరుచుకుంది. ముందు ఒక బూటు నేల మీద ఆనింది. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద పడింది.

ప్రేమజ్యోతి తెరకేసి వంగింది. నవల్లో ఆ చెయ్యి లేదు.

"ఏందే, ఆగావు?" అంది సువార్తమ్మ. కోడలి బుగ్గల మీద నీళ్ళు చూసింది. చూసి, లేచి వచ్చి, ఆమెను భుజంతో కాస్త పక్కకు జరిపి, తెర పక్కన తను నిలబడింది. పల్లెల్లో తెల్లదుప్పటి పక్కన నిలబడ్డ మనిషి అది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఏం ఇబ్బంది లేదు.

"దిగాడు! చూడండి, దిగాడు. ఆ ఎడమ మోకాలే నొప్పి ఆయనకి. కోటు కూడా లేదు, చలేస్తంది పాపం. వస్తన్నాడు... వెనక్కి చూడమాక నాయనా. ఆ తెల్లగీత దాటితే మనోళ్ళే. నడువు, నడువు..."

"నడువయ్యా ఆల్బర్టూ!" అని కేక పెట్టింది వసంతకుమారి. బెంచీలన్నీ అందుకున్నాయి. యాంటెనా పట్టుకున్న సత్యానందం కూడా అరిచాడు, దాంతో బొమ్మ ఒక్కసారి వణికి మాయమైంది.

"కదలొద్దురా!" అరిచింది తల్లి.

బొమ్మ తిరిగి వచ్చేసరికి ఆల్బర్టు గీత దాటి ఉన్నాడు. ఆయన పై ఆఫీసరు ఏమీ మాట్లాడకుండా ఒక ఫ్లాస్కు తెరిచి కప్పులో టీ పోసి ఇచ్చాడు.

ఆ బేస్‌మెంట్ దద్దరిల్లింది. ఎవరో స్తోత్రం అన్నారు, ఎవరో ఈల వేశారు. డోరతీ, సువార్తమ్మ ఒకరినొకరు కౌగిలించుకుని చెరో భాషలో ఏడ్చారు. ప్రేమానందం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వంటగది వైపు చూశాడు.

"ఎవరన్నా కాస్త కాఫీ ఇస్తారా అమ్మా?"

*

నవల ముందు రాశారనీ, టీవీవాళ్ళు చివర మార్చారనీ తర్వాత లూసీ కనుక్కుని రాసింది. పాస్టరు గారు అది ప్రార్థన ఫలం అన్నాడు. సత్యానందం రేటింగుల ఫలం అన్నాడు. నవల మాత్రం ప్రేమజ్యోతి అలమరలో ఉండిపోయింది. "అందులోనూ ఇట్టానే ఉందా?" అని అత్తగారు అడిగితే, "రాసినాయన కాస్త తొందరపడ్డాడు అత్తయ్యా," అని ఊరుకుంది.

జనవరి నుంచి నెలకొక ఆదివారం, భోజనాలయ్యాక ఆ బల్లల మీదే కార్డులు రాయడం మొదలైంది. ఖైదీల విడుదల కోసం ప్రభుత్వాలకు ఉత్తరాలు రాసే సంఘం ఒకటి ఉందని డోరతీ చెప్పి, చిరునామాలు తెచ్చింది. ఖైదీలందరికీ ఒకటే న్యాయం: కుడి ప్రభుత్వం జైల్లో పెట్టినా ఎడమ ప్రభుత్వం పెట్టినా, మన దేశం పెట్టినా. ప్రేమజ్యోతి ఇంగ్లీషులో రాసేది, వసంతకుమారి చిరునామాలు రాసేది. మొదట్లో కొందరు జంకారు. "గ్రీన్‌కార్డ్‌కి ప్రాబ్లమ్ అవుతుందేమో," అన్నాడొకాయన.

"ఇటియ్యి నాయనా, నేను చేస్తా సంతకం," అంది సువార్తమ్మ. "ఏం చేస్తారు, పంపించేస్తారా? పంపిస్తే బాపట్లేగా పంపేది!"

ఎక్స్‌ట్రా లార్జ్ స్వెటర్ సత్యానందానికి వచ్చింది. వాకిట్లో మంచు తీసేటప్పుడు ఏళ్ళ తరబడి అదే తొడుక్కునేవాడు. పొరుగువాళ్ళు ఎవరు అల్లారని అడిగితే, తూర్పు బెర్లిన్ నుంచి వచ్చిందని చెప్పేవాడు. ఆదివారం ఆరింటికి టీవీ మాత్రం మళ్ళీ ఆయన చేతికి రాలేదు.

ఆ సంఘంలో ఒక అలవాటు మాత్రం నిలిచిపోయింది. ప్రార్థన అంశం చెప్పడానికి ఎవరు లేచినా ప్రేమానందం చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టి అడిగేవాడు.

"ఒక్క మాటమ్మా. ఈయన టీవీలో ఏమన్నా వస్తాడా?"

ముందు వరుసలోంచి తెల్లచీర వెనక్కి తిరిగేది.

"వస్తే నీకేమయ్యా? ముందు మోకాళ్ళు వంచు."